వంద మాటలు

ఆఖరి పేజీలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది.
మీ బిడ్డ గురించి, తల్లి గానీ తండ్రి గానీ,
వంద మాటల్లో రాయండి.

మిగతావన్నీ నిండాయి.
పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, అమ్మోరు పోసిందా లేదా,
నిద్దట్లో లేచి నడుస్తుందా.
ఒకసారి నడిచింది. లేదు అని రాశాను.

పేరు దగ్గరే పది రోజులు పట్టింది.
ఆధార్‌లో గరికిన నూకరత్నం,
స్కూలు రికార్డులో జి. రత్న,
కేజీహెచ్ వాళ్ళిచ్చిన కాగితంలో ఉత్త ఆడపిల్ల.
ముగ్గురూ ఒకరేనని సంతకం పెట్టే మనిషి కోసం
మీసేవకీ జోనల్ ఆఫీసుకీ తిరిగి
రెండు డ్యూటీలు పోగొట్టుకున్నాను.

నాది హార్బర్ పక్క ఐసు ఫ్యాక్టరీ.
రాత్రి రెండింటికి దిమ్మలు దించి మిషన్లోకి తోస్తే
పొడిపొడిగా బోట్లలోకి పోతుంది.
"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నదానికి
ట్యూషన్ చెప్పే ఎస్తేరు టీచరు జవాబు రాసిచ్చింది:
సముద్ర ఉత్పత్తుల శీతలీకరణ రంగంలో ఉన్నారు.
ఇంగ్లీషులో ఇంకా పొడుగ్గా ఉంది.
గుంట దాన్ని అన్నం తింటూ, జడ వేయించుకుంటూ వల్లించి
నాలుగో రోజు నా వైపు చూసి
"నాన్నా, ఇది నువ్వేనేటి?" అంది.

ఎదురింటి అప్పయ్యమ్మ గుమ్మంలోంచే అడిగింది,
పదేళ్ల గుంటని అనంతగిరి కొండల్లో వదిలేస్తావేటి, ఈ ఊళ్లో బళ్ళు లేవేటి అని.
నా దగ్గర దానికి బట్టీ పట్టిన జవాబు లేదు.
నా పెళ్లాం తువ్వాళ్ళ మూలల్లో ఎర్రదారంతో
పిల్ల పేరు కుడుతోంది.
సీటు రావాలి గదా ముందు, అన్నాను.
"రాకపోతే తువ్వాలు కాకుండా పోద్దా" అంది, సూది మీంచి చూపు తియ్యకుండా.

తరవాత తెలిసింది, ఇంటర్వ్యూ మాక్కూడా ఉందని.
పిల్లని ఒక గదిలో, మమ్మల్ని ఒక గదిలో.
ఆ సాయంత్రం నుంచీ అది మేష్టరు, నేను పిల్లాణ్ని.
ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి,
నానమ్మ కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టి,
"కమిన్. సిడ్డౌన్. చొక్కా అంచు లాక్కోకు.
మీ అమ్మాయి బలం ఏటి?"
లెక్కలండి.
"బలహీనత?"

నోరు పెగల్లేదు.
వానొస్తే చెప్పులు చేత్తో పట్టుకు నడుస్తుంది, అది బలహీనతా?
ఓడిపోతే ఏడవదు, గెలిస్తే ఏడుస్తుంది.
కానాగంతలో ముల్లు తీసి పెడితే ముట్టదు,
ముల్లుంటేనే చేప అంటుంది.
ఫ్యాక్టరీకొస్తే ఐసుముక్క బుగ్గలో దాచుకుని
ఏం తెలీనట్టు నాతో మాట్లాడబోతుంది,
మాటలన్నీ లావుగా వస్తాయి.
ఇవన్నీ లోపల అనుకుంటూ ఉండగానే
"టైమైపోయింది" అంది మేష్టరు. "ఫెయిలు."

చివర్లో చెయ్యి కలపాలట.
కలిపితే చటుక్కున వెనక్కి తీసుకుంది.
"నీ చెయ్యి చచ్చిన చేపలాగుంది నాన్నా.
సారు జడుసుకుంటాడు.
లోపలికెళ్ళే ముందు పాంటుకేసి రుద్దుకో.
ఇరవై సార్లు. నేను లెక్కపెడతాను."
లెక్కపెట్టింది.
పద్దెనిమిది దగ్గర నిద్రొచ్చేసింది దానికి,
నా వేళ్ళు గుప్పిట్లో ఉండగానే.

రేపు పొద్దున్న నాలుగున్నరకి కాంప్లెక్స్‌లో బస్సు.
ఇప్పుడు రాత్రి పదకొండు. డ్యూటీలో ఉన్నాను.
తిరగేసిన చేపల ట్రే మీద ఫారం పరిచాను,
తడి తగలకుండా కింద పాత పేపరు వేసి.
రాసినవి రెండుసార్లు లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది.
ఈ చలికి పెన్నులో సిరా కదలటం లేదు.
చంకలో పెట్టుకుని వెచ్చబెడుతున్నాను.
అవతల బోటువాళ్ళు ఐసు కోసం అరుస్తున్నారు.
ఇంకా అరవై రెండు కావాలి.