తరుగు

పద్దెనిమిది వేల ఆరొందలు.
చీటీ పాడి కొన్నాను, నా డబ్బే.
ఇంతకన్నా ఖరీదువి తమ చెత్త తామే పారబోసుకుంటాయట.
చవకవి గోడకి తల బాదుకుంటూ
అక్కడే ఉండిపోతాయని కొట్లో కుర్రాడు చెప్పాడు.
మధ్యరకం తెచ్చుకున్నాను.
నరసాపురంలో మేం చీరైనా చేపైనా మధ్యరకమే కొంటాం.

మొదటి రోజు లేసు అల్లేవాళ్ళు ఎనిమిదిమందీ
కాళ్ళు పైకి లాక్కుని కూర్చున్నారు.
"పీతనుకుందామంటే కాళ్ళు లేవు,
ఏంటండీ ఇది" అంది సువార్త.

మంచి ముందు చెప్పాలి.
దివాన్ కింద దూరుతుంది.
నా మోకాళ్ళు వంగని చోటికి,
చీపురు చెయ్యి చాచినా అందని చోటికి
చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్తుంది.
పోయిందనుకున్న సన్నసూది, మా పిల్ల దుద్దు శీల
బయటికి తెచ్చింది.
అలగదు. పండక్కి చీర అడగదు. కూలి పెంచమనదు.
(ఆ మాట పైకే అనేసి నాలిక కరుచుకున్నాను,
ఎదురుగా ఎనిమిది సూదులూ ఆగాయి.)

ఇక చెడ్డ.
గడప ఎక్కలేదు.
మా ఇంట్లో గదికో గడప, అంటే గదికో లంక.
నేనే పంటునై, చంకనెత్తుకుని
ఈ రేవు నుంచి ఆ రేవుకి దాటిస్తున్నాను.
వంటింటి నల్లబండని గొయ్యి అనుకుని వెనక్కి తగ్గుతుంది.
దాన్ని తప్పుపట్టను. ఏటిగట్టు మీద పెరిగినదాన్ని,
నల్లగా కనపడ్డచోట నేనూ అడుగు వెయ్యను.
వానాకాలం చెప్పుల బురద దొరికితే
ఊడవదు, అలుకుతుంది.
కరెంటు పోతే గూడు కనపడక హాలంతా వెతుక్కుంటుంది.
మూలలు వదిలేస్తుంది.
గుండ్రంగా పుట్టినదానికి మూల ఏం తెలుసు.
దారం మాత్రం వదలదు. మింగి, గొంతుకి చుట్టుకుని,
ఇంగ్లీషులో సాయం అడుగుతుంది.
సువార్తే దాన్ని వెల్లకిలా తిప్పి,
"నోరు తెరు నాయనా" అంటూ
క్రోషే సూదితో ఒక్కో పోగూ లాగుతుంది.

నెల తిరిగింది. దండగ అన్నాడు మా ఆయన.
ఎంత ఊడ్చిందో చూపిద్దామనే
డబ్బాలోదీ బ్రష్షుకి చుట్టుకున్నదీ
రోజూ ఓ సంచిలో పోగేశాను.
ఇసక దులిపి, వెంట్రుకలు ఏరి,
దారం తూచే కాటాలోనే వేశాను.

నూట డెబ్బై గ్రాములు.
తెల్లటి నూలు. ముక్కలు, పీచు, ముళ్ళు.

"పర్లేదే" అని మా ఆయన పేపర్లోకి వెళ్ళిపోయాడు.
నేను లెక్కల పుస్తకం తెరిచాను.
దారం తూచి ఇస్తాను, అల్లిక తూచి తీసుకుంటాను.
తగ్గితే పక్కన తరుగు అని రాసి
కూలిలో కోస్తాను.
మా అత్త అలాగే రాసేది. ఆ గళ్ళు ఆవిడ గీసినవే.
ఆ నెల తరుగు, ఎనిమిదిమందికీ కలిపి,
నూట ఎనభై రెండు.

ఆ పన్నెండూ ఏ మూలనో ఉంటాయి.
అది వెళ్ళలేని మూలల్లో.

పదకొండేళ్ళుగా చీపురు
ఊడ్చింది ఊడ్చినట్టు కాలవగట్టు మీద పోస్తోంది.
ఒకరోజు సువార్త నా ముందు నిలబడి
కొంగు దులిపి చూపించింది.
ఎందుకే అని నేననలేదు.
కొంగు వంక చూశాను.

ఎదురింటి శేషారత్నం అడుగుతోంది, కొనుక్కోవచ్చా అని.
గడప ఎక్కదని చెప్పాను. దివాన్ కింద దూరుతుందని చెప్పాను.
ఇంట్లో కాటా ఉంటే మాత్రం
ఆలోచించి కొనుక్కో అన్నాను. నవ్వింది.

శనివారం కూలి ఇచ్చే రోజు.
పదకొండేళ్ళని పన్నెండు నెలలతో హెచ్చవేసి
పెన్సిలు కింద పెట్టాను. మళ్ళీ తీశాను.
హాల్లో అది ఇరుక్కుని అరుస్తోంది.
సువార్త సూది పట్టుకుని లేవబోతోంది.

"కూర్చో, నేను తీస్తాను" అన్నాను,
గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ వంచుకుంటూ.