ముల్లు నిలిచేదాకా

గుణుపురం. సంత రోజు. చింతపండు కొట్టు.
నాటు తుపాకి నా ఛాతీ మీద.
"టొంకా!"
గల్లా పెట్టె తోసేశాను.
డబ్బుదేముంది, వచ్చే సంతకి మళ్లీ చింతపండు.

నా మోకాలి పక్కనే అయిదు కిలోల రాయి.
ముట్టుకోలేదు.
ముప్పై ఏళ్ల కాటావాణ్ణి,
ముల్లు ఊగుతుండగా ధర చెప్పను.

నోట్లు జేబులో కుక్కుకున్నాడు. చెయ్యి వణుకుతోంది, కుర్రాడే.
పోతాడనుకున్నాను.
పోయేవాడు గుమ్మం వైపు చూడాలి కదా,
లెక్కలు రాసే దండాసి వైపు చూశాడు,
చూస్తూనే
వెనక్కి చెయ్యి చాచి షట్టరు కిందికి లాగాడు.

ముల్లు నిలిచింది.

ఠాణాలో అడిగారు, ముందే ఎందుకు కొట్టలేదని.
కోర్టులో అడిగారు, అసలెందుకు కొట్టావని.
ఆ రాయి ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.
అరువు రాయితో తూస్తున్నాను.