నూట పన్నెండో పేజీలో పొలుసు

తెల్లారి నాలుగింటికి లేస్తాను.
తెల్లారి అనేది మాటవరసకే,
డిసెంబరులో మా నార్వే దీవికి
పదింటిదాకా వెలుగు రాదు.
స్టవ్ మీద కాఫీ, కిటికీ అవతల చీకటి,
బల్ల మీద నిన్న సగంలో వదిలేసిన మనిషి
తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడి ఉంటాడు.
"ఇంతకీ లోపలికి వెళ్ళనా, వద్దా?"
నాకేం తెలుసు.
ఆరున్నరకి చేపల ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా
ఇద్దరం గుమ్మంలోనే.

ముప్పై ఏళ్ళుగా ఇంతే.
పగలు కాడ్ చేపల తలలు కోసే చెయ్యే
వేకువన వాక్యాలు కోస్తుంది.
ఎక్కడ ఆపాలో కత్తికి తొందరగానే తెలిసింది.
కలానికి ఇంకా తెలియలేదు.

పట్నం నుంచి ఎవరైనా వస్తే
రాయడం గురించి అడుగుతారు.
చదవడం గురించి అడగండి, చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
ఏడాదికి రెండుసార్లు పుస్తకాల పడవ వచ్చేది.
ఓడ్‌వార్ హారన్: రెండు పొట్టివి, ఒకటి పొడుగు.
అమ్మ పిండి చేతులతోనే పరిగెత్తేది,
ఆమె తెచ్చిన నవలల అట్టలన్నిటి మీదా
తెల్లటి వేళ్ళ అచ్చులు.
ఇంటికి పన్నెండు పుస్తకాలు, వసంతం దాకా అవే.
నవంబరులోనే అయిపోయేవి.
మళ్ళీ మొదటినుంచి.
రెండోసారి, చావబోయేవాళ్ళెవరో ముందే తెలుసు కనక
వాళ్ళ పేజీల్లో మెల్లగా నడిచేదాన్ని.
నాన్నకి నవలలంటే అచ్చేసిన అబద్ధాలు.
కిరసనాయిలు చెంచాతో కొలిచి పోసే ఆ మనిషి
నా మంచం పక్క దీపం దగ్గర మాత్రం
లెక్క మరిచిపోయేవాడు.

పడవ ఇప్పటికీ వస్తోంది.
తూరా అనే అమ్మాయి నడుపుతుంది.
పోయిన ఏప్రిల్‌లో అందులో నా రెండో నవల దొరికింది,
ఎవరికీ పట్టలేదని నేనే మరిచిపోయినది.
వెనక కార్డు మీద నాలుగు తేదీ ముద్రలు.
"నాలుగుసార్లూ ఒకరే.
పేరు చెప్పకూడదు, రూలు," అంది తూరా.

నూట పన్నెండో పేజీలో హెర్రింగ్ పొలుసు,
ఎండి, చిటికెన గోరంత.
పక్కన పెన్సిలుతో వణుకు అక్షరాలు:
"ఈ గాలికి ఎవడూ వల వెయ్యడు."
నూట నలభైలో:
"సరే, ఈ ముక్క నిజం."
హాల్వార్డ్ మునిగిపోయే పేజీలో
ఒకటే మాట:
"ఎందుకు?"
దాని కింద, మరో ఏడాది, మరో పెన్సిలు:
"ఇప్పటికీ తెలియలేదు."
దానికి రెండు పేజీల ముందు, అన్నిటికన్నా కొత్తగా:
"ఈసారి ఇక్కడే ఆపేశాను.
వీడింకా పడవలోనే ఉన్నాడు."

చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువంటారు.
పుస్తకాల అరల మధ్య, ఊగే నేల మీద
నేను చాలాసేపు కూర్చుండిపోయాను.
హాల్వార్డ్‌ని ఎందుకు చంపానా?
ఆ వారం ప్రచురణకర్త గడువు.
ఫ్యాక్టరీలో డబుల్ షిఫ్టు.
నలుగురు మగవాళ్ళని ఒడ్డుకి చేర్చే ఓపిక లేక
ఒకణ్ణి సముద్రంలోకి తోసేశాను.
సమీక్షకులు దాన్ని విధి అన్నారు.
నేనూ కాదనలేదు.

పెన్సిలు అడిగితే తూరా ఇచ్చి,
లైబ్రరీ పుస్తకంలో రాయడం నేరం కనక
ఇంజను చూసే మిషతో బయటికెళ్ళింది.
పొలుసు పక్కన రాశాను:
"నిజమే. నైరుతి గాలి అని ఉండాలి. క్షమించండి."
"ఎందుకు" దగ్గర
పెన్సిలు ఆనించి, తీసేశాను.

ఇవాళ నాలుగున్నర అయింది.
గొళ్ళెం మీద చెయ్యేసిన మనిషి
ఇంకా నావైపే చూస్తున్నాడు.
కాస్త ఆగు,
గాలి ఎటు వీస్తోందో చూసొస్తాను,
అని చెప్పి
చెప్పులు వెతుక్కుంటున్నాను.