పదిహేడో గడి

నేను నిలబడ్డ చోట
ఒకప్పుడు తొమ్మిది బారల లోతు.
పెర్దెబాయ్ చెబుతాడు,
మడమతో నేలను తట్టి, తల పైకెత్తి:
"అదిగో, మా పడవ అడుగు అక్కడ ఉండేది."
అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.
ఒక గద్ద, అంతే.

గడులు గీసే తాడు అతనిదే.
పాత వల అంచు తాడు, మీటరుకో ముడి.
పది ముడులు, మలుపు, పది ముడులు, మలుపు,
నాలుగో మూల మేకు దగ్గర కలవాలి.
ఎప్పుడూ కలవదు. జానెడు తక్కువ.
"ఉప్పుగాలికి తాడైనా కుంచించుకుపోతుంది కదమ్మా."
నేను టేపు తీసి మళ్లీ కొలుస్తాను.
అతను అటు తిరిగి
నాలుక కింద నసవాయి పెట్టుకుంటాడు.

అరల్ ఇంకాస్త వెనక్కి జరిగిన ఏడు
తడి ఆరీ ఆరకముందే
ఎర్రటి ఉప్పుమొక్కలు, వేలెడెత్తువి,
గడికి నాలుగు వందలు.
ఉప్పు తిని బతికి
ఒంటినిండా ఉప్పుతోనే చచ్చాయి.
మూడో ఏడు పన్నెండు. ఐదో ఏటికి ఒక్కటీ లేదు.
వాటి ఎండుపుల్లలకు ఇసుక ఆగింది,
ఆ ఇసుకలో ఎవరిదో విత్తనం ఆగింది.
తర్వాత జింగిల్ పొదలు, గులాబీ పూత.
ఆ వెనక సక్సౌల్.
దాని వేరు ఎంత లోతుకు పోయిందో
నేనింకా కొలవలేదు.
పొదల్లో సైగా జింక అడుగులు చూశానంటాడు జుమామురత్.
నేను చూడలేదు కాబట్టి రాయలేదు.

రాత్రుళ్లు గెంతుడెలుకల లెక్క.
నలభై పట్టి, చెవి వెనక రంగు చుక్క పెట్టి వదిలాం.
వారం ఆగి ముప్పై పట్టాం.
చుక్క ఉన్నవి ఆరు.
మొత్తం రెండు వందలుంటాయి, అన్నాను.
"కాకిలెక్క" అన్నాడు పెర్దెబాయ్.
లాంతరు వెలుగులో ఇసుక మీద వేసి చూపించాను.
చాలాసేపు చూశాడు.
"అంటే, పట్టుబడిన వాటిని అడిగి
పట్టుబడని వాటి సంగతి తెలుసుకుంటావు."
అంతే తాతా.
"డబ్బాల కర్మాగారంలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను.
ఎన్ని టన్నులు పట్టాం, ఎన్ని డబ్బాలు మూశాం,
ప్లాను ఎంత మించాం.
నీళ్లలో ఎన్ని మిగిలాయో రాయడానికి
ఆ పుస్తకంలో గడే లేదు."
లాంతరు తగ్గించి అటు తిరిగి పడుకున్నాడు.
అతనికి గురక వస్తుంది.
ఆ రాత్రి రాలేదు.

పదిహేడో గడిలో ఏమీ లేదు.
తొమ్మిదేళ్లుగా సున్నా రాస్తున్నాను.
నాటకూడదు, దున్నకూడదు, నీళ్లు పోయకూడదు.
మనిషి చెయ్యి పడకపోతే ఏమవుతుందో
చెప్పడానికి ఒక్క చోటైనా ఉండాలి కదా.
ఏప్రిల్లో ట్రాక్టర్లు వచ్చాయి,
సక్సౌల్ నారుతో, నూకుస్ నుంచి ఉత్తర్వుతో.
జుమామురత్ మంచివాడే.
"బోడినేలను కాపాడటమేంటక్కా?"
ఇంజను ఆపకుండానే నవ్వాడు.
నేను పాతిన జెండాలు
గాలికి ఎప్పుడో పీలికలయ్యాయి.

మర్నాడు పెర్దెబాయ్ ఒంటెబండి మీద
తన లంగరు తెచ్చాడు.
ఇన్నాళ్లూ దొడ్లో మేకను కట్టేస్తున్న లంగరు.
గడి మధ్యలో దించాడు.
పట్టిందో లేదోనని
పాత అలవాటుతో ఒకసారి లాగి చూశాడు.
ట్రాక్టర్లు తప్పుకుని పోయాయి.

సెప్టెంబరులో మళ్లీ వెళ్లాం.
లంగరు కొక్కెం వెనక, గాలి మరుగున,
దోసెడు ఇసుక చేరింది.
ఇసుకలో మూడు మొలకలు.
పెర్దెబాయ్ నోట మాట లేదు,
వల బరువెక్కినప్పుడు అలాగే ఉండేవాడట.
"ఈ గడి చెడిపోయింది తాతా" అన్నాను.
"తొమ్మిదేళ్ల సున్నా పోయింది."
"పోతే పోయింది. లెక్కపెట్టు."

తాడు పరిచాం. పది ముడులు, మలుపు.
జానెడు తక్కువ.
పదిహేడు: మొలకలు మూడు, అని రాశాను.
కారణం అన్న చోట
పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత రాశాను:
లంగరు.