బియ్యం పద్దు

మైకు కట్టిన ఆటో ఒకటి
నెల్లిమర్ల సంతలో మూడు చుట్లు తిరిగి చెప్పింది
పదో తారీకు రాత్రికి లోకం సరి, అని.
వంకాయలు తూస్తున్న ఇన్నాసమ్మ
తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగి అంది:
"అంతమేటి బాబూ,
అది మా ఇంటికి మొన్న మట్టలాదోరం ముందే
వొచ్చెల్లిపోనాది."

మొన్న అంటే
మిల్లు గేటుకి కాగితం అంటించిన రోజు.
మూడో షిఫ్టు వాళ్లం క్యారేజీలతో నిలబడే చదివాం.
జనపనార దుమ్ము ఇంకా కనుబొమల మీదే ఉంది.
దేవదూతలెవరూ బూర ఊదలేదు.
రోజూ ఊదే సైరనే
ఆ పూట నుంచి నోరు మూసుకుంది.

అప్పట్నుంచి మా పేటకి గుడిగంటే గడియారం.
త్రికాల జపానికి మూడుసార్లు కొట్టాలి.
శౌరయ్య నాలుగుసార్లు కొడతాడు.
రాత్రి పదింటికి షిఫ్టు మారే వేళకి
చెయ్యి ఊరుకోదట.
బెనెడిక్టు స్వామి వద్దనలేదు.
ఆ గంటకి నిద్రలోనే అటు నుంచి ఇటు ఒత్తిగిలుతారు
పాతికేళ్లు స్పిన్నింగులో చేసినవాళ్లు.

ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కకి తీసి
ఆదివారం కానుకల వేళ పీఠం దగ్గర పెట్టిన బియ్యం,
మా అమ్మల నాటి నుంచి అటు వెళ్లిన బియ్యం,
ఈ ఏడు వెనక్కి నడిచింది.
చీకటి పడ్డాక గుడి వెనక గదిలో
డ్రమ్ము మూత చప్పుడు కాకుండా తీసి
సంచి తెచ్చిన ప్రతివాడికీ నేనే కొలిచాను.

"పేర్లు రాయకు" అన్నారు స్వామి.
రాశాను.
టైమాఫీసు గుమస్తాని,
రాయని పని జరగనట్టే లెక్క నాకు.
తవ్వెడు, మానెడు, తేదీ, ఇంటిపేరు.
జీవగ్రంథమంటూ ఒకటి ఉంటే
అదీ ఇంత పొందిగ్గా ఉంటుందా అని
ఒకట్రెండుసార్లు మురిసిపోయాను కూడా.

క్రీస్తురాజు పండుగనాడు
గొర్రెలు కుడికి, మేకలు ఎడమకి అని చదివితే
రెండు మేకల మీద బతుకుతున్న పిలోమినా
పూజ అయ్యీ అవగానే స్వామిని నిలదీసింది:
"మేకలేటి పాపం సేసినాయండీ?"
ఆయన నవ్వారు గాని
జవాబు దొరకలేదు ఆయనకి.

పదో తారీకు వచ్చింది.
కరెంటు పోయింది.
పిల్లలు దుప్పట్లతో గుడి మెట్ల మీదికి చేరారు.
పెద్దాళ్లం నమ్మలేదు. నమ్మలేదంటూనే
ఎవరి గుమ్మంలో వాళ్లం నిలబడ్డాం.
పది దాటింది. గంట మోగలేదు.
పది దాటి అయిదు నిమిషాలు.
నేను ట్రంకుపెట్టె తెరిచి
టార్చి వెలుగులో పద్దు తీశాను,
నా పేరు చూసుకుందామని.

లేదు.
అయిదు వారాలు నేనూ పట్టుకెళ్లాను,
మా ఆవిడ చీర కొంగు కింద ఒకసారి,
నా చొక్కా జేబుల్లో ఒకసారి.
పేటంతటినీ రాసి
నన్నొక్కణ్ణీ రాసుకోలేదు.

రాస్తుంటే మోగింది గంట.
శౌరయ్యకి చెప్పు దొరకలేదట చీకట్లో.

తెల్లారి ఆ పుస్తకం
గుడి పెరట్లో గంజి కాచే పొయ్యిలో పెట్టాను.
నా ఆకు ఒక్కటీ చింపి ఉంచుకున్నాను.
అడిగే రోజు అడిగేవాడికి
చూపించాల్సింది అదే కదా.

మళ్లీ సంతకి వచ్చింది ఆటో.
లెక్క తప్పిందట, ఈసారి ఖాయమట,
ఫలానా ఆదివారం.
ఇన్నాసమ్మ తక్కెడ దించలేదు:
"ఆ ఆదోరం అవ్వదు బాబూ,
గుడి తుడిసే వొంతు మాది."