నీటిలో చేప

పదకొండు నెలల రాత్రులు పోసి
గెలిచిన నీలికత్తి
నాలుగువేల రెండొందలకి బేరం కుదిరింది.
కొనేది హోసూరు కుర్రాడట, మొహం చూళ్లేదు.

టానరీ రోడ్డులో, అసర్ నమాజయ్యాక
జఫరుల్లా హజ్రత్‌ని అడిగా.
ఫుట్‌పాత్ మీద గొడుగు కమ్మీ వంచుతూనే
"నీటిలో చేపని అమ్మకూడదు బేటా,
ముందు చేతికి రావాలి" అన్నారు.

ఫోన్ చూపించా.
కళ్లద్దాలు నుదుటికి నెట్టి, కత్తి మెరుపు
చాలాసేపే చూశారు.
"బావుంది. తాళం ఎవరి దగ్గరుంటుంది?"

కంపెనీ దగ్గరని చెప్పలేదు.
రాత్రులు మాత్రం నావే కదా, అన్నా.
ఆయన కమ్మీ దగ్గరే ఆగిపోయారు.

అంతలో వాన.
ఆయన చుట్టూ ఏడు గొడుగులు, బాగైనవే,
అన్నీ ఎవరివో.
ఇద్దరం తడిశాం.

జేబులో ఫోన్ అదురుతోంది:
అన్నా, డబ్బు వేసేయనా?