బ్రష్షు వద్దమ్మా

కొరిటెపాడులో మా అపార్టుమెంటు మేడ మీద,
నీళ్ల ట్యాంకు పక్కన, పాత సిమెంటు సంచిలో
సొరపాదు పెట్టారు మూడొందల నాలుగు కల్పవల్లి గారు.
పిందె పడతంది. వేలెడన్నా కాకముందే
పసుపెక్కి రాలతంది.
"సామ్రాజ్యం, నీకీ పని వచ్చంట గదా" అని
వాళ్లమ్మాయి బొమ్మలేసుకునే బ్రష్షు
నా చేతిలో పెట్టి, ఫోను చూపించారు:
ఇది మగ పువ్వు, ఇది ఆడ పువ్వు,
ఇట్టా అద్దాలి.

నాకా అమ్మా చూపించేది!

పెదనందిపాడు అవతల నల్లరేగడి,
పత్తి విత్తనం ప్లాట్లు,
పదకొండేళ్లు క్రాసింగు కూలి.
పొద్దు వాలాక, రేపు విచ్చే మొగ్గేదో
దాని మూతి చూసి చెప్పేవాళ్లం.
బొటనవేలి గోరు మొదట్లో దించి
ఒక్క తిప్పు.
రేకులూ పుప్పొడీ వలిచిపడేస్తే
నడిమి పుల్ల ఒక్కటే మిగిలేది బోసిగా.
దానికి ఎర్రకాగితం తొడిగి రావడం.
తెల్లారి మంచు ఆరాక
మగ వరసలో పూలు డబ్బాకేసుకుని
ఎర్రకాగితం కనపడ్డ చోటల్లా ఆగి, అద్ది,
దారం కట్టి, ముందుకి.
రోజుకి ఎనిమిదొందల పెళ్లిళ్లు.
అన్నీ పిలుపుల్లేని పెళ్లిళ్లే.

తేనెటీగ వచ్చిందా, మేస్త్రి కేకేసేవాడు:
"తోలండే దాన్ని! విత్తనం కల్తీ అవుద్ది!"
పిల్లలు తువ్వాళ్లు ఊపేవాళ్లు.
పువ్వు చుట్టాన్ని తరిమి
ఆ చుట్టం పని మేం చేసి
శనివారం డబ్బులు లెక్కపెట్టుకునేవాళ్లం.

అప్పుడు అనిపించలేదు. అబద్ధమెందుకు,
నడుం నొప్పి తప్ప ఏమీ అనిపించలేదు.

మొన్న కల్పవల్లి గారి అమ్మాయి
మెట్ల మీద కూచుని చదువుకుంటా చెప్పింది:
తేనెటీగ కంటికి ఎరుపు చీకటంట.
మా కాగితాలు గుర్తొచ్చినయ్.
పొలం పొలమంతా
వాటికి చీకట్లు తొడిగొచ్చామన్న మాట.
మరి గేటు పక్క రెక్కమందారం?
అంత ఎరుపు ఎవరికి?
పిట్టకి, అంది.
నిజమే. రోజూ ఏడింటికి
నల్లగా మెరిసే తేనెపిట్ట వచ్చి
తలకిందులుగా వేలాడి ముక్కు దూర్చి పోతది.
పిట్టకి వాసన పెద్దగా పట్టదంట.
అందుకే మందారం
అత్తరు ఖర్చు మానుకుని చీరకి పెట్టింది.

మిర్చి యార్డులో పాట విన్నారా?
ఒక్కో కొట్టుది ఒక్కో గొంతు.
కొన్నవాడికే వినపడుద్ది తన రేటు.
పూలదీ అంతే.
ఊరంతటినీ పిలవవు,
తమ బేరగాణ్ణి పిలుస్తయ్.

మరి సొరపువ్వు?
దీపాల వేళ విచ్చుద్ది.
తెల్లగా, పల్చగా, నలిగిన పాలమీగడలా.
పగటోళ్లతో దానికి పనిలేదు.
చీకట్లో వచ్చేవాడి కోసం ఆ తెలుపు.
ఆ వచ్చేవాళ్లు ఎక్కడున్నారో నాకు తెలుసు.
దొంగల భయానికి తెల్లార్లూ వెలిగే
ట్యాంకు కాడ ట్యూబులైటు చుట్టూ
తిరిగి తిరిగి, రెక్కలు రాలి,
పొద్దున్నే నా చీపురు కిందకొస్తన్నారు.
చాటెడు బూడిదరంగు, రోజూ.
ఊడ్చేది నేనే గదా.

బ్రష్షు వెనక్కిచ్చేశాను.
ఆ సాయంత్రం స్విచ్చి ఆపి
ట్యాంకు గోడకి ఆనుకుని కూచున్నా.
కింద ఆటోల మోత, ఎవరింట్లోనో కుక్కరు కూత.
ఏడున్నరకి పూలు నాలుగూ
చీకట్లో తేలతా కనపడ్డయ్.
నా బొటనవేలు ఊరికే ఉండలేదు,
గోరుని గోరుతో గీరుకుంటానే ఉంది.
"ఉండవే" అన్నా దాన్ని.

ఏదో వచ్చింది.
చూశానని చెప్పలేను.
చెవి పక్కన సన్నగా గాలి కదిలింది,
ఒక పువ్వు కొంచెం ఊగి
ఆగింది.
తర్వాత దాని పక్కది.

"ఎవరే లైటు ఆపింది?"
కింద నుంచి ప్రెసిడెంటు గారు.
మా జక్రయ్య ఏం చెప్తాడోనని విన్నా.
"ఫ్యూజు పోయిందండీ, చూస్తన్నా" అన్నాడు.
వాడికి అబద్ధం చేతకాదు.
ఎక్కువసేపు నిలబడదు.